జువైనల్ హోమ్ నుంచి బిడ్డ ఇంటికొస్తే: మొదటి మూడు నెలలు ఎలా నడిపించాలి

విడుదలై ఇంటికొచ్చిన ఒక పదహారేళ్ల కుర్రాడు బాత్‌రూమ్ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. లోపల ఎవరూ లేరు, గడియ కూడా పెట్టి లేదు. రెండు మూడు నిమిషాలు అలాగే నిలబడి, చివరికి వంటింట్లో ఉన్న తల్లిని అడిగాడు: "అమ్మా, వెళ్లొచ్చా?" ఆవిడ చేతిలో పని వదిలేసి ఏడ్చేసింది. తండ్రికి మాత్రం కోపం వచ్చింది, నాటకాలాడుతున్నాడని. వాడు నాటకమేమీ ఆడలేదు. ఏడాదికి పైగా ఏ తలుపూ తన చేత్తో తీసే పని వాడికి పడలేదు, అంతే.

లోపల ఉన్నన్నాళ్లూ లేవడం, తినడం, ఆడుకోవడం, పడుకోవడం అన్నీ గంట కొట్టిన ప్రకారం జరుగుతాయి. చెప్పినట్టు వినేవాడు అక్కడ మంచి పిల్లవాడు. బయట బతకడానికి మాత్రం సొంతంగా నిర్ణయం తీసుకునే అలవాటు కావాలి. దాన్ని నేర్చుకోవాల్సిన వయసులోనే వాడు దానికి దూరంగా ఉన్నాడు. "ఈపాటికి బుద్ధొచ్చి ఉంటుంది" అని ఎదురుచూస్తున్న ఇంట్లోకి, ఉదయం ఏ చొక్కా వేసుకోవాలో కూడా తేల్చుకోలేని బిడ్డ వస్తాడు. ఇంట్లో గొడవలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ఇది తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. తాతయ్య, అమ్మమ్మ, అక్క, బాబాయి, ఎవరు బాధ్యత తీసుకున్నా సరే, వాళ్లకీ పనికొస్తుంది. "వాడు" అని రాస్తున్నా అమ్మాయిలకూ ఇవే మాటలు వర్తిస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. విడుదలకు ముందే పని మొదలుపెట్టండి

తేదీ తెలిసిన రోజు నుంచి, వీలైతే అంతకు నెల ముందు నుంచే, హోమ్‌లోని కౌన్సిలర్‌తోనో వాడి కేసు చూసే అధికారితోనో మాట్లాడండి. ఒక ఫైలు పెట్టుకోండి. విడుదల ఉత్తర్వు కాపీ, షరతుల కాగితం, హాజరు కావాల్సిన తేదీలు, గుర్తింపు పత్రాలు, లోపల జరిగిన వైద్యం రికార్డు, చదువు సర్టిఫికెట్లు అన్నీ అందులో ఉండాలి. ఒక్క కాగితం లేక స్కూల్లో చేరడం నెలన్నర వాయిదా పడిన పిల్లలున్నారు. ఆ నెలన్నర ఖాళీలోనే పాత దారి మళ్లీ కనబడుతుంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే ఒకసారి జాగ్రత్తగా చదవండి. నిర్బంధంలో ఉన్న బాలల రక్షణ కోసం ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన నియమాల్లో, హవానా నియమాలని పిలిచే వాటిలో, ఒక స్పష్టమైన మాట ఉంది: లోపల ఉండగా సంపాదించిన సర్టిఫికెట్ మీద ఆ పిల్లవాడు అలాంటి చోట ఉన్నట్టు ఏ రకంగానూ కనిపించకూడదు. మీ చేతికొచ్చిన కాగితంలో హోమ్ పేరో ముద్రో ఉంటే, అక్కడికక్కడే మార్చి ఇవ్వమని అడగండి. గేటు దాటాక తిరగడం కన్నా అప్పుడే అడగడం తేలిక.

మందులు వాడుతుంటే ఎన్ని రోజులకు సరిపడా ఇస్తున్నారో కనుక్కోండి. బయట డాక్టరు అపాయింట్‌మెంట్ ఆ మందులు అయిపోయేలోపే ఉండాలి. నిద్రకో, మనసు కుదుటపడటానికో ఇచ్చే మందులు హఠాత్తుగా ఆగిపోతే వచ్చే చిరాకును, నిద్రలేమిని చూసి "మళ్లీ మొదలుపెట్టాడు" అని ఇంట్లోవాళ్లు పొరబడతారు.

చూడటానికి వెళ్లినప్పుడు వాడిని రెండు విషయాలు అడగండి. "బయటికి రాగానే ఎవరిని చూడాలని ఉంది? ఎవరిని చూడకూడదని ఉంది?" రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ముఖ్యం. అందులో ఇంట్లో మనిషి పేరే వస్తే తీసిపారేయకండి. కొట్టే మనిషి, తాగొచ్చి గొడవ చేసే మనిషి, మత్తు అమ్మే మనిషి ఉన్న ఇంటికే వాడిని తిరిగి పంపితే ఇక మిగతా జాగ్రత్తలకు విలువ ఉండదు. కొన్నాళ్లు వేరే బంధువుల ఇంట్లో ఉంచడంలో పరువు పోయేదేమీ లేదు. అమ్మాయిల విషయంలో ఈ ప్రశ్న ఇంకా జాగ్రత్తగా అడగాలి. కేసులో పడకముందే ఇంట్లోనో దగ్గరివాళ్ల చేతుల్లోనో వేధింపులకు గురైనవాళ్లు వాళ్లలో ఎక్కువ. ఆడమనిషి, ఒంటరిగా, తొందరపెట్టకుండా అడిగితేనే ఆ మాట బయటికొస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లతోనూ ముందే మాట్లాడండి. వాళ్ల వయసుకు తగ్గట్టు నిజమే చెప్పండి. "అన్నయ్య ఒక తప్పు చేశాడు, దానికి కొన్నాళ్లు వేరేచోట ఉన్నాడు, ఇప్పుడు ఇంటికొస్తున్నాడు. బయట ఎవరైనా అడిగితే ఇంట్లో పెద్దవాళ్లను అడగమను" అంటే చాలు.

2. మొదటి రోజు హడావిడి పెట్టుకోకండి

బంధువులను పిలవకండి. వచ్చే దారిలో హితబోధ చేయకండి. లోపల వాడు విన్న ఉపన్యాసాలు చాలు. పడుకోవడానికి ఒక చోటు, తన వస్తువులు పెట్టుకోవడానికి ఇంకెవరూ ముట్టుకోని ఒక అరో పెట్టో చూపించండి. వాడు లేని రోజుల్లో వాడి మంచం, బట్టలు వేరేవాళ్లకు ఇచ్చేసి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఇంటికొచ్చాక వాడే కనిపెట్టే పరిస్థితి రానీయకండి.

ఏం మాట్లాడాలో తెలియకపోతే ఈ ఒక్క మాట చాలు: "నువ్వు రావడం మాకు సంతోషంగా ఉంది. మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి, ఇవాళ వద్దు."

3. మొదటి రెండు వారాలు: చిన్న నిర్ణయాలు వాడికే వదలండి

పళ్లెం చుట్టూ చెయ్యి అడ్డుపెట్టి గబగబా తినేయొచ్చు. తెల్లవారకముందే లేచి కూర్చోవచ్చు. దీపం ఆర్పితే నిద్రపట్టకపోవచ్చు. వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి చెయ్యి ఎత్తనూ వచ్చు. ఇవి లోపల బతకడానికి ఒళ్లు నేర్చుకున్న అలవాట్లు. వాటిని ఎత్తిచూపి నలుగురిలో నవ్వకండి, మందలించకండి. పిలవాలంటే ఎదురుగా వచ్చి పిలవండి. గదిలోకి వెళ్లేముందు తలుపు తట్టండి. తలుపు తట్టి లోపలికొచ్చే మనిషిని చూసి వాడికి ఎన్నాళ్లయిందో ఆలోచించండి.

"నీ ఇష్టం" అని పూర్తిగా వదిలేస్తే వాడు బిత్తరపోతాడు. అన్నీ మీరే చెబితే హోమ్‌కీ ఇంటికీ తేడా ఉండదు. రెండింటిలో ఒకటి ఎంచుకోమనండి. "ఇప్పుడు స్నానం చేస్తావా, తిన్నాకా?" "డాక్టరు దగ్గరికి పొద్దున వెళ్దామా, సాయంత్రమా?" వారం తర్వాత మూడు దారులు చెప్పండి. ఆపైన, "రేపటి రోజు ఎలా గడపాలనుకుంటున్నావో రాత్రికి చెప్పు" అనండి. ఇలా అడిగితే చిన్నపిల్లాణ్ని చేసినట్టవుతుందేమోనని కొందరు సందేహిస్తారు. నా అనుభవంలో మూడో వారానికల్లా పిల్లలే "అది నేను చూసుకుంటాలే" అంటారు. ఆ మాట వచ్చాక అక్కడికి ఆపేయండి.

కొన్ని సంగతులు మాత్రం అలవాట్ల కింద కొట్టిపారేయకూడదు. వరసగా రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, ఇష్టమైన వస్తువులు ఊరికే పంచేయడం, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు వింటే నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం పెట్టుకోకండి. అడగడం వల్ల ప్రమాదం పెరగదు, మూసుకుపోయిన నోరు తెరుచుకుంటుంది. అవునంటే వాడిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మత్తు అలవాటు ఉండి లోపలికి వెళ్లిన పిల్లలకు ఇంకో ముప్పుంది. వాడకం ఆగిన నెలల్లో ఒళ్లు మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే, ఒకప్పుడు తట్టుకున్న అదే మోతాదు ఇప్పుడు ఊపిరి ఆపేయగలదు. ఈ సంగతి వాడికి మామూలు గొంతుతో, ముఖంలోకి చూస్తూ చెప్పండి. "తీసుకోకూడదు. కానీ ఎప్పుడైనా తీసుకుని ఒంట్లో తేడాగా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, తిట్టను, ఆస్పత్రికి తీసుకెళ్తాను." ఆ రెండో వాక్యం అన్నారంటే ఆ రోజు నిజంగా వచ్చినప్పుడు మాట నిలబెట్టుకోవాలి.

4. షరతుల క్యాలెండర్ గోడకు తగిలించండి

చాలామంది పిల్లలు కొత్త నేరం చేయకుండానే తిరిగి లోపలికి వెళ్తారు. హాజరు తప్పడం, కౌన్సెలింగ్‌కు వెళ్లకపోవడం, చెప్పిన వేళకు ఇంట్లో లేకపోవడం, ఇలాంటి షరతు ఉల్లంఘనే కారణం. తప్పిన తీరు చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. బస్సు తప్పిపోతుంది. ఆలస్యంగా వెళ్తే ఆఫీసర్ తిడతారని భయం. ఆ భయంతో అసలు వెళ్లడు. తర్వాత వచ్చిన ఫోన్ ఎత్తడు. వారం తిరిగేసరికి అది "పారిపోయాడు" అని రాసే దాకా పోతుంది.

అందుకే తేదీలు గుర్తుచేయడంతో సరిపెట్టకండి. తప్పినప్పుడు ఏం చేయాలో ముందే ప్రాక్టీస్ చేయించండి. మీరు ఆఫీసర్‌లా కూర్చోండి, వాడిచేత ఫోన్ చేయించండి. "సార్, నమస్తే. నేను ఫలానా. ఇవాళ పది గంటలకు రావాలి, బస్సు తప్పింది. పదకొండున్నరకు వస్తే కుదురుతుందా, లేక రేపు రమ్మంటారా?" వినడానికి ఇదంతా చాలా చిన్న పనిలా ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడికి, పెద్దవాళ్లు తన మాట నమ్మరని తేల్చేసుకున్న పిల్లవాడికి, అది కొండెక్కినంత పని. మూడుసార్లు మీ ముందు చేసినవాడు నాలుగోసారి నిజంగా చేయగలడు.

వెళ్లిన ప్రతిసారీ తేదీ, సమయం, కలిసిన మనిషి ఎవరన్నది ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు మాట తేడా వస్తే అదే ఆధారం.

5. చదువు, పని: ఖాళీ రోజులు మిగలనీయకండి

ఇది నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే అడుగు. పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు ఉన్న పిల్లవాడికి సగం కష్టాలు దూరంగా ఉంటాయి.

ముందు వాడి స్థాయి తెలుసుకోవాలి. రెండేళ్లు చదువు పోయిన పిల్లవాడిని రెండేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చోబెడితే, అవమానంతో పదో రోజు మానేస్తాడు. పాత స్కూలుకే పంపాలన్న పట్టుదల వద్దు. దూరవిద్యలో పరీక్షలు రాయడం, సాయంత్రం తరగతులు, పని నేర్పే శిక్షణ, ఏది అందుబాటులో ఉంటే దాన్ని వాడి ముందు పెట్టి, వాడి ఇష్టంతోనే తేల్చండి. లోపల వాడు ఏదైనా పని నేర్చుకుని ఉంటే, వడ్రంగమో కుట్టుపనో కరెంటు పనో, దాన్ని నామోషీగా చూడకండి. అది వాడి చేతిలో ఇప్పటికే ఉన్న విద్య.

స్కూల్లో ఎవరికి ఎంత చెప్పాలి? ప్రధానోపాధ్యాయులకు, కౌన్సిలర్ ఉంటే ఆయనకు, చట్టప్రకారం చెప్పాల్సినంతే చెప్పండి. తరగతి మొత్తానికి తెలియాల్సిన పని లేదు. బాలల న్యాయంపై ఐక్యరాజ్యసమితి 1985లో చేసిన బీజింగ్ నియమాలు ఆ పిల్లల రికార్డులు పూర్తి గోప్యంగా ఉంచాలని, వాళ్లను గుర్తుపట్టే వివరాలు ప్రచురించకూడదని చెబుతున్నాయి. దేశాల చట్టాల్లో తేడాలుంటాయి. కాబట్టి లాయర్‌ను ఈ మూడు ప్రశ్నలు సూటిగా అడిగి జవాబు రాయించుకోండి. ఈ రికార్డు ఎవరికి కనిపిస్తుంది? ఎప్పటికి మూసేస్తారు లేదా తీసేస్తారు, దానికి మేం దరఖాస్తు పెట్టాలా? ఉద్యోగ దరఖాస్తులో "మీ మీద కేసులున్నాయా" అన్నచోట చట్టప్రకారం ఏం రాయాలి? రికార్డు దానంతటదే పోతుందని అనుకుని, పెట్టాల్సిన దరఖాస్తు పెట్టక ఏళ్లు గడిపిన కుటుంబాలున్నాయి.

చెప్పక తప్పని చోట ఏం మాట్లాడాలో ముందే సిద్ధం చేసుకోవాలి. వాడి మాటల్లోనే, నాలుగు వాక్యాల్లో. "పదిహేనేళ్లప్పుడు దొంగతనం కేసులో ఉన్నాను. తప్పు నాదే. లోపల ఉండగా మోటారు రిపేరు నేర్చుకున్నాను, ఈ ఆరు నెలలుగా క్లాసు మానలేదు. నాకు ఈ పని వచ్చు, చేసి చూపిస్తాను." కథంతా చెప్పుకోవద్దనండి, అబద్ధమూ వద్దనండి. కాదంటారు, ఒకటి రెండు చోట్ల తప్పకుండా కాదంటారు. అది ముందే చెప్పి పంపండి. కాదన్న రోజు సాయంత్రం వాడు ఇంట్లోనే ఉండేలా, పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

6. స్నేహితుల విషయం

"వాళ్లతో తిరగకు" అన్న మాట ఒక్కటే సరిపోతే ఇంత దూరం వచ్చేది కాదు. లోపలికి వెళ్లకముందు వాడిని పేరు పెట్టి పిలిచింది వాళ్లే కావచ్చు. అసలే ఒంటరిగా ఉన్నవాడికి నిషేధం కూడా పెడితే చాటుగా వెళ్తాడు.

అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ఒక ప్రయోగం వెల్లడించారు. కంప్యూటర్‌లో కారు నడిపే ఆట. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటి కన్నా, పక్కన స్నేహితులు చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో ఆ తేడా కనబడలేదు. అంటే "మావాడు ఒక్కడే ఉంటే మంచోడే" అని తల్లులు అనే మాటలో నిజముంది. దీన్నిబట్టి మనుషుల జాబితా కన్నా గుంపు, వేళ, చోటు చూడటం మేలు. పగలు ఒక స్నేహితుడు మీ ఇంటికొస్తే రానివ్వండి. రాత్రి పదింటికి ఐదుగురు కూడే చోటికి వెళ్లనివ్వకండి.

గుంపులోంచి బయటపడటానికి వాడికి ఒక సాకు కావాలి. ఒక గుర్తు పెట్టుకోండి. వాడు మీకు ఒట్టి చుక్క మెసేజ్ పెడతాడు. వెంటనే మీరు ఫోన్ చేసి, పక్కవాళ్లకు వినపడేలా, "ఎక్కడున్నావురా, వెంటనే ఇంటికి రా" అని గద్దించండి. వాడు "మా నాన్న చంపేస్తాడు, పోవాలి" అని వచ్చేస్తాడు. చెడ్డపేరు మీకొచ్చినా పరవాలేదు. ఇంటికొచ్చాక "అక్కడేం జరుగుతోంది" అని ఆరా తీయకండి. ఆరా మొదలైతే ఇంకోసారి ఆ చుక్క రాదు.

7. ఇంటి నియమాలు నాలుగే ఉండాలి

నాలుగు నియమాలు, వాడి ఎదుటే, వాడితో మాట్లాడి రాయండి. రాత్రి ఎన్నింటికి ఇంట్లో ఉండాలి, ఎక్కడికెళ్తున్నాడో చెప్పి వెళ్లడం, ఇంట్లో మత్తు ఉండకూడదు, చెయ్యి చేసుకోకూడదు. చివరిది పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. నియమం తప్పితే శిక్ష చిన్నదిగా, వెంటనే, చెప్పినంతే ఉండాలి. అరగంట ఆలస్యమైతే మర్నాడు అరగంట ముందు రావాలి, అంతటితో అయిపోయింది. నమ్మకాన్ని కూడా ఇలాగే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. రెండు వారాలు వేళకొస్తే ఇంకో గంట ఇవ్వండి. నెల తర్వాత ఇంటి తాళంచెవి ఇవ్వండి. తాళంచెవి చేతిలో పెట్టినప్పుడు వాడి ముఖం ఒకసారి చూడండి.

పాత తప్పును ప్రతి గొడవలోకీ లాగకండి. గిన్నె పగిలినందుకు "నీ బుద్ధి తెలిసిందేగా" అంటే, చేసిన తప్పుకు శిక్ష అనుభవించి వచ్చినవాడికి మళ్లీ మళ్లీ శిక్ష వేస్తున్నట్టు.

ఇంకో మాట. భయపెడితే దారికొస్తాడని జైలు చూపించడానికో, ఖైదీలతో తిట్టించడానికో తీసుకెళ్లమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఇలాంటి కార్యక్రమాలను అమెరికాలో ఏళ్ల తరబడి నడిపారు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే, వాటిలో పాల్గొన్న పిల్లలు తర్వాత నేరం చేయడం తగ్గకపోగా పెరిగింది. దయచేసి ఆ పని చేయకండి.

8. బాధితులు, ఇరుగుపొరుగు

క్షమాపణ చెప్పాలని వాడికి నిజంగా అనిపించవచ్చు. సొంతంగా వాళ్ల ఇంటికి పంపకండి. కలవకూడదన్న షరతు ఉండొచ్చు, లేకున్నా వాళ్లు హడలిపోవచ్చు. లాయర్ ద్వారానో అధికారి ద్వారానో అడిగించి, వాళ్లు ఒప్పుకుంటేనే, మధ్యవర్తి సమక్షంలో కలవాలి. ఒప్పుకోకపోతే అది వాళ్ల హక్కు. ఇరుగుపొరుగు అడిగితే "వచ్చాడండీ, చదువుకుంటున్నాడు" అని మాట మార్చేయండి.

9. మళ్లీ తప్పటడుగు వేస్తే

వేస్తాడేమో. అబద్ధం చెబుతాడు, రాత్రి ఆలస్యంగా వస్తాడు, క్లాసు ఎగ్గొడతాడు. అమెరికాలోని ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది పిల్లలను ఏడేళ్లు వెంబడించి చూసిన అధ్యయనం ఒకటుంది. నేరం చేసినప్పుడు వాళ్ల వయసు 14 నుంచి 17. అంత తీవ్రమైన కేసుల్లో కూడా ఎక్కువమంది వయసు పెరిగేకొద్దీ నేరాలు బాగా తగ్గించుకున్నారు. ఎక్కువ కాలం లోపల ఉంచినంత మాత్రాన మళ్లీ నేరం చేయడం తగ్గలేదని కూడా అందులో తేలింది. ఒక చెడ్డ వారం చూసి "వీడింక మారడు" అని తేల్చేయకండి.

చిన్న తప్పయితే ఇంటి నియమం ప్రకారం నడవండి. పోలీసులు వచ్చే తప్పయితే, ముందు వాడు క్షేమంగా ఉన్నాడో లేదో చూడండి, తర్వాత లాయర్‌కు ఫోన్ చేయండి. లాయర్ రాకముందు వాంగ్మూలం ఇవ్వవద్దని వాడికి చెప్పండి. దాచిపెట్టకండి, పారిపోవడానికి సాయం చేయకండి, ఇంట్లోంచి గెంటేయకండి. గెంటేసిన రాత్రి వాడికి తలుపు తీసేది మీరు వద్దనుకున్న ఆ గుంపే.

10. మీ గురించి ఒక మాట

మీకూ నిద్ర ఉండదు. ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది. మీరు ఏడవడానికి, మీ కోపం చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి మీ బిడ్డ కాకూడదు. ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఇంకో తల్లో తండ్రో దొరికితే ఇంకా మంచిది. కౌన్సిలర్‌ను అడిగితే కలిపిస్తారు.

మూడు నెలలు పూర్తయ్యాక గోడ మీద క్యాలెండర్ దించి, వాడితో కలిసి కూర్చోండి. ఎన్ని హాజర్లు పడ్డాయి, ఎన్ని తప్పాయి, తప్పినప్పుడు ఫోన్ చేశాడా లేదా, ఏ నియమం పనికొచ్చింది, ఏది తీసేయొచ్చు, వాడినే చెప్పనివ్వండి. తర్వాతి మూడు నెలల తేదీలు వాడి చేత్తో వాడినే రాయమనండి. అధికారి పర్యవేక్షణ ముగిసే తేదీ అందులో ఉంటే దాని చుట్టూ గీత గీయండి. ఆ రోజు దాటాక ఎవరూ రమ్మనరు, ఎవరూ అడగరు. వాడు తనంతట తాను ఫోన్ చేయగల ఒక టీచరో కౌన్సిలరో పని నేర్పిన మేస్త్రీయో ఉండాలి. అందుకు ఆ మనిషి ఒప్పుకున్నారో లేదో ఇప్పుడే అడిగి, నంబరు క్యాలెండర్ వెనక రాసుకోండి.